పైన చుట్టాలు, కింద మనవాళ్ళు

టొరంటో నగరంలో డఫరిన్ వీధికి పడమటి సందులో, గుమ్మం పక్కన నీలిరంగు పింగాణీ పలక మీద క్రీస్తు బొమ్మ ఉన్న ఇటుక ఇంట్లో కాపురముంటున్న జుల్మీరా మెదైరోస్ అనే నేను, కాంక్రీటు మేస్త్రీ కీర్తిశేషులు ఎర్మీనియో మెదైరోస్ గారి భార్యను, పుట్టింది పోర్చుగల్‌కు చెందిన అసోర్స్ దీవుల్లోని సావ్ మిగెల్‌లో, నా తదనంతరం నా ఆస్తిపాస్తులు ఎవరెవరికి చెందాలో తెలియజేస్తూ రాయించిన వీలునామా ఇది.

నా బుద్ధి స్థిరంగా ఉంది. మోకాలు, తుంటి స్థిరంగా లేవు గాని, వీలునామాకు వాటితో పని లేదని లాయరు అమిల్కార్ చెప్పాడు. నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు. ఆ పని చేయగలిగిన మనిషి ఒక్కడే ఉండేవాడు. ఆయన పోయి ఎనిమిదేళ్ళయింది.

నేను పోర్చుగీసులో చెబుతుంటే అమిల్కార్ రాసుకున్నాడు. మధ్యమధ్యలో పెన్ను ఆపి, ఈ మాటలు చట్టానికి అక్కర్లేదన్నాడు. చట్టానికి అక్కర్లేకపోయినా నా పిల్లలకు కావాలి కాబట్టి ఉంచమన్నాను.

1. ఇంతకుముందు నేను రాసిన వీలునామాలన్నీ ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. నిజానికి ఉన్నది ఒక్కటే. నేనూ ఎర్మీనియో కలిసి రాయించాం. అందులో ఇల్లు మా అమ్మాయి నతాలియాకు చెందుతుందనీ, ప్రతిగా ఆమె కడదాకా నన్ను ఆ ఇంట్లోనే కనిపెట్టుకుని ఉండాలనీ ఉంది. పెళ్ళి ఊసెత్తకూడదన్న మాట కాగితం మీద లేదు, చట్టం ఒప్పుకోదట. అది ఎర్మీనియో ఆసుపత్రి మంచం మీద నుంచి, నతాలియా చెయ్యి పట్టుకుని నోటిమాటగా పుచ్చుకున్నాడు. మా దీవిలో చిన్న కూతురు తల్లి దగ్గర ఉండిపోవడం కొత్త కాదు. మా అత్త ఉండిపోయింది, మా అమ్మ చెల్లెలు ఉండిపోయింది. ఎవరూ వాళ్ళని అడగలేదు, వాళ్ళూ ఎవరినీ అడగలేదు.

ఆ పాత వీలునామాతో పాటు ఎర్మీనియో పుచ్చుకున్న ఆ మాటను కూడా రద్దు చేస్తున్నాను. చనిపోయినవాడికి ఇచ్చిన మాటను కాగితం మీద రద్దు చేయడం కుదరదని అమిల్కార్ అన్నాడు. కుదురుతుందో లేదో ముందు రాసి చూద్దామన్నాను. రాశాడు.

2. ఈ వీలునామా అమలు జరిపించే బాధ్యత నా కోడలు హెదర్‌కు అప్పగిస్తున్నాను. ఇది విని అందరూ ఆశ్చర్యపోతారు, అందరికంటే ముందు హెదరే ఆశ్చర్యపోతుంది. ఆమె అంటే నాకు ప్రత్యేకమైన ఇష్టమేమీ లేదు. కాని మా ఇంట్లో ఏ కాగితాన్నైనా సంతకానికి ముందు చదివే మనిషి ఆమె ఒక్కతే. నా కొడుకు జిల్బెర్తో ముందు సంతకం పెట్టి, ఆ తర్వాత అందులో ఏముందని అడుగుతాడు. నతాలియా సంతకం పెట్టి, ఏముందని కూడా అడగదు.

3. ఇల్లు. పైన చెప్పిన ఇల్లు మా స్వార్జితం. ఎర్మీనియో పగలు కాంక్రీటు పోసి, నేను సాయంత్రాలు ఊరి మధ్య మేడల్లో ఆఫీసులు తుడిచి కొన్నాం. నా పెద్దల సొమ్ము ఇందులో లేదు. నా పెద్దలకు సొమ్మే లేదు. కాబట్టి దీన్ని ఎవరికి ఇవ్వాలన్నా, ఎవరికి ఇవ్వకూడదన్నా నాకు సర్వహక్కులూ ఉన్నాయి.

ఈ ఇల్లు నేను నతాలియాకు ఇవ్వడం లేదు.

ఈ ముక్క వినగానే మా చర్చిలో ముందు వరసలో కూర్చునే ఆడవాళ్ళు నన్ను ఏమంటారో నాకు తెలుసు. కన్నకూతురు ఇన్నాళ్ళు సేవ చేస్తే వీధిన పడేసిందంటారు. అనుకోనివ్వండి. ఇల్లు అమ్మాలి. వచ్చిన సొమ్ము జిల్బెర్తోకు, నతాలియాకు చెరిసగం. నతాలియా ఆ ఇంట్లో కాపురం ఉండకూడదు, తన వాటాతో దాన్ని కొనకూడదు, అద్దెకు తీసుకోకూడదు, కొన్నవాళ్ళ తరఫున చూసిపెట్టడానికి కూడా ఒప్పుకోకూడదు. ఆ ఆఖరుది దేనికంటే, ఎవరైనా అడిగితే నా కూతురు ఒప్పుకునే రకం.

4. పై వంటగది. మా వీధిలో మా వాళ్ళ ఇళ్ళన్నిటికీ రెండు వంటగదులుంటాయి. పైది చూడటానికి, కిందిది వండుకోవడానికి. మా పై వంటగదిలోని మీగడరంగు స్టవ్ నేను ఆఫీసుల పనిలో చేరిన కొత్తలో కొన్నాను. నా చిన్నప్పుడు మా అమ్మ మూడు రాళ్ళ పొయ్యి మీద వండింది, పొగకు ఆమె కళ్ళు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. ఈ స్టవ్ మీద మసి అంటనివ్వనని అనుకున్నాను, అంటనివ్వలేదు. చేపలు వేయించడం, సాసేజ్ ఉడికించడం, రొట్టె కాల్చడం, తిండి తినడం, పోట్లాడుకోవడం అన్నీ కింది వంటగదిలోనే. పైన ముందు గదిలో ప్లాస్టిక్ తొడుగులేసిన సోఫాలున్నాయి. చుట్టాలు వస్తే అక్కడ కూర్చోబెట్టి మంచి కప్పుల్లో కాఫీ ఇస్తాం. చుట్టాలు పైన, మనవాళ్ళు కింద. ఇది ఎవరూ రాసిపెట్టలేదు, అందరికీ తెలుసు.

హెదర్‌కు తెలియలేదు. నాకు మోకాలి ఆపరేషన్ అయినప్పుడు ఆమె సాయానికని వచ్చి, పై వంటగదిలో, ఆ స్టవ్ మీద చేప వేయించింది. నేను కర్రతో గుమ్మంలోకి వచ్చేసరికి ఇల్లంతా పొగ, స్టవ్ మీద నూనె చుక్కలు. నేనేమన్నానో ఇక్కడ రాయనక్కర్లేదు. నతాలియా దాన్ని ఇంగ్లీషులోకి సగమే మార్చిందని నాకు తర్వాత తెలిసింది. హెదర్ మాత్రం పూర్తిగానే జవాబు చెప్పింది. "ఇరవై ఏళ్ళ నుంచీ నన్ను పైనే కూర్చోబెడుతున్నారు అత్తయ్యా. చుట్టాన్ని కదా, చుట్టాలుండే చోటే వండాను," అంది. నా కొడుకు తన భార్య వైపు నిలబడ్డాడు. అప్పట్నుంచి క్రిస్మస్‌కు వచ్చి, కోటు విప్పకుండా గుమ్మంలో నిలబడి, పిల్లలు బాగున్నారని చెప్పి వెళ్తున్నాడు.

సదరు స్టవ్‌ను హెదర్‌కు ఇస్తున్నాను. ఒకసారి వాడేసింది కాబట్టి వాపసు తీసుకునేదేమీ లేదు. దాన్ని వాడే పద్ధతి తెలిపే పుస్తకం ఓవెన్‌లోనే ఉంది. ఓవెన్ వెలిగించే ముందు తీయాలి. ఇది క్షమాపణ అని ఎవరైనా అనుకుంటే అది వాళ్ళ ఇష్టం, నేను మాత్రం స్టవ్ ఇస్తున్నాను.

5. నా కొడుకు జిల్బెర్తోకు, ఇంటి సొమ్ములో సగం కాక, కింది చల్లగదిలోని వైన్ పీపాలు, ద్రాక్ష పిండే మర, వాళ్ళ నాన్న పేరు రాసున్న గరాటు. ఎర్మీనియో ఏటా శరదృతువులో గారేజీలో ద్రాక్ష పిండి వైన్ చేసేవాడు. అది ఏనాడూ బాగాలేదు. బాగుందని అందరం చెప్పేవాళ్ళం, అది విని ఆయన మరుసటి ఏడు ఇంకా ఎక్కువ చేసేవాడు. జిల్బెర్తో కూడా చేస్తాడనే నమ్మకం నాకుంది. బాగుందని చెప్పడం హెదర్ నేర్చుకోవాలి.

జిల్బెర్తోకు ఇంకొక మాట. నువ్వు నీ భార్య వైపు నిలబడటం తప్పని నేనెప్పుడూ అనలేదు. మీ నాన్న నా వైపు నిలబడి ఉంటే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను. కోటు విప్పకపోవడమే నాకు కష్టంగా ఉండేది.

6. సావ్ మిగెల్‌లో మా నాన్న పొలంలో నా వంతు మా చెల్లెలు ఇదలీనాకు ఇస్తున్నాను. నలభై ఏళ్ళుగా ఆమె ఆవులు ఆ పొలంలోనే మేస్తున్నాయి. ఫోన్ చేసినప్పుడల్లా అక్కడ గడ్డి అస్సలు బాగుండదని, ఏదో నా కోసం చూసిపెడుతున్నానని చెబుతుంది. పొలం తన పేరు మీదికి వచ్చాక గడ్డి బాగుపడుతుందని ఆశిస్తున్నాను.

7. ముందు పెరట్లోని ఫాతిమా మేరీమాత విగ్రహం పక్కింటి లాన్ గారికి. ఆమెది వియత్నాం, ఆమెది మా మతం కాదు. అయినా చలికాలంలో మంచు కరగడానికి వీధిలో చల్లిన ఉప్పు ఎగిరొచ్చి మాత ముఖం మీద పడితే, నేను మెట్లు దిగలేకపోతున్నానని తెలిసి, గోరువెచ్చని నీళ్ళు తెచ్చి కడుగుతుంది. మేమిద్దరం ఇన్నేళ్ళలో మాట్లాడుకున్న ఇంగ్లీషు అంతా కలిపినా ఒక పేజీ రాదు. ఆకుకూర నారు మాత్రం ఏటా ఇచ్చిపుచ్చుకున్నాం. విగ్రహం బరువు ఎక్కువ, జిల్బెర్తో మోసుకెళ్ళి పెట్టాలి.

8. నతాలియా. అసలు ఈ వీలునామా రాయిస్తున్నది దీని కోసమే కాబట్టి, అమిల్కార్‌ను ఇంకో కాగితం తీసుకోమన్నాను.

మా వీధి మూల మీద రొట్టెల దుకాణం ఒస్వాల్దో పమ్‌ప్లోనాది. భార్య పోయింది, పిల్లలు లేరు, దుకాణం పైన మూడు గదుల్లో ఉంటాడు. ఎర్మీనియో బతికున్న ఆఖరి ఏడు, ఒక ఆదివారం తీపిరొట్టె పట్టుకుని, మెడకు టై కట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఎందుకొచ్చాడో అందరికీ తెలుసు. ఎర్మీనియో అతన్ని పైన సోఫాలో కూర్చోబెట్టి, మంచి కప్పులో కాఫీ ఇప్పించి, సిమెంటు ధరల గురించి మాట్లాడి పంపించేశాడు. కాదనలేదు. అవునని కూడా అనలేదు. ఆ చలికాలంలోనే మంచం పట్టాడు, నతాలియా దగ్గర మాట పుచ్చుకున్నాడు, పోయాడు.

ఒస్వాల్దో మాత్రం ఆదివారాలు రావడం మానలేదు. రొట్టె తెస్తాడు, బూట్లు తుడుచుకుంటాడు, సోఫాలో అంచు మీద కూర్చుంటాడు, ప్లాస్టిక్ చప్పుడు కాకుండా కదలకుండా ఉంటాడు. నా ఆరోగ్యం అడుగుతాడు. కాఫీ అయ్యాక లేచి వెళ్ళిపోతాడు. అతని విషయం నతాలియా నా దగ్గర ఎత్తలేదు, నేనూ అడగలేదు. మర్యాదలో ఏ లోటూ రానివ్వలేదు. ఇన్నేళ్ళుగా అంత మర్యాద చేస్తే మనిషి ఎప్పటికీ చుట్టంగానే ఉండిపోతాడు.

పోయిన మార్చిలో నా తుంటి విరిగి, నడక నేర్పే ఆసుపత్రిలో ఉంచారు. చెప్పినదానికంటే ముందే పొమ్మన్నారు. నతాలియాకు ఫోన్ చేయకుండా టాక్సీలో వచ్చేశాను. మేము ముందు గుమ్మం వాడం, పక్క గుమ్మం నుంచి నేరుగా కిందికి దిగుతాం. ఆ గుమ్మం తెరవగానే కింది నుంచి నవ్వు వినిపించింది. ఎవరో ఆడమనిషి, పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతోంది. మా ఇంట్లో ఇలా నవ్వేది ఎవరబ్బా అనుకుని మెట్ల మీదే ఆగిపోయాను. అది నా కూతురని తెలియడానికి నాకు కాస్త సమయం పట్టింది. ఆ మాట రాయించేటప్పుడు నాకు ఏడుపొచ్చింది. అమిల్కార్ నీళ్ళు తెప్పించాడు.

కింద ఒస్వాల్దో మా ఆయన ఎప్రన్ కట్టుకుని, చేతులు పైకి మడుచుకుని, నానేసిన ఉప్పుచేప ముళ్ళు తీస్తున్నాడు. నతాలియా ఉల్లిపాయలు తరుగుతోంది. నన్ను చూడగానే ఇద్దరూ లేచి నిలబడ్డారు, బళ్ళో పిల్లల్లాగా. ఒస్వాల్దో చేతులు కడుక్కున్నాడు, ఎప్రన్ విప్పి మడతపెట్టి కుర్చీ మీద పెట్టాడు, మెట్లెక్కి పైకి వెళ్ళి సోఫాలో కూర్చున్నాడు. ఎవరూ వెళ్ళమనలేదు, తన చోటు అదని అతనికి తెలుసు. నతాలియా కాఫీ కాచి, మంచి కప్పులో పోసి, పైకి పట్టుకెళ్ళింది. ఆ ముళ్ళు తీయని చేప బల్ల మీద అలాగే ఉండిపోయింది. దాన్ని నేనే పూర్తిచేశాను.

నాకు ఆలోచించడానికి టైము పడుతుంది, మా అమ్మకూ అంతే. తర్వాత ఒక రోజు నతాలియా బ్యాంకు పనికి వెళ్ళాక హెదర్‌కు ఫోన్ చేశాను. నా అంతట నేను ఆమెకు ఫోన్ చేయడం అదే మొదలు. నా ఇంగ్లీషు ఆఫీసులు తుడవడానికి సరిపోయే ఇంగ్లీషు. మీ ఇంట్లో నాకొక గది ఉంటుందా అని అడిగాను. ఫోన్ పెట్టేస్తుందనుకున్నాను.

"ఉంది అత్తయ్యా. కాని మా ఇంట్లో వంటగది ఒక్కటే," అంది. తెలుసన్నాను. ఆ జవాబు హెదర్ నెమ్మదిగా పదం పదం విడదీసి చెప్పింది, నాకు అర్థమయ్యేలా. అంత ఓపిక ఆమెకుందని నాకు తెలియదు.

మా ఆడవాళ్ళలో కూతురుండగా కోడలి ఇంటికి వెళ్ళిన మనిషి లేదు. కూతురు చెడ్డదైతేనే వెళ్తారు. నా కూతురు చెడ్డది కాదని, ఆమె చేసిన వంట, ఆమె ఉతికిన దుప్పటి, ఆమె పట్టుకున్న చెయ్యి నాకు ఏ లోటూ రానివ్వలేదని, ఇది చదివిన ప్రతి ఒక్కరికీ, ముఖ్యంగా పైన చెప్పిన ముందు వరస ఆడవాళ్ళకు, ఇందుమూలంగా తెలియజేస్తున్నాను. ఆమె మంచిది కాబట్టే వెళ్తున్నాను. ఎవరో ఒకరు కదలాలి, తను కదలదు.

పోయిన వారం కింది వంటగదిలో భోజనమయ్యాక ఇదంతా నతాలియాకు చెప్పాను. ముందు కోపం వచ్చింది, తర్వాత భయం వేసింది. "నాన్నకి మాటిచ్చాను కదమ్మా," అంది.

నేనన్నాను, "ఆయన ఆ మాట పుచ్చుకున్నది ఎవరి కోసం? నా కోసం. ఆ మనిషిని నేను ఇక్కడే ఉన్నాను. నాకు వద్దు."

ఆమె గిన్నెలన్నీ కడిగింది. కడిగినవే మళ్ళీ కడిగింది. వీపు నా వైపు పెట్టుకుని, మరి ఆదివారం ఒస్వాల్దో వస్తే ఏం చెప్పాలని అడిగింది. యాభై ఒకటో ఏట నా కూతురు తన కోసం నన్ను అడిగిన మొదటి మాట అదేననుకుంటాను. "కిందికి రమ్మను," అన్నాను.

ఆదివారం వచ్చాడు. ముందు గుమ్మంలోంచి వచ్చి, బూట్లు తుడుచుకుని, అలవాటు కొద్దీ సోఫాలో కూర్చున్నాడు. నేను కింది నుంచి పేరు పెట్టి పిలిచాను. రెండుసార్లు పిలవాల్సి వచ్చింది. రొట్టె పొట్లం గుండెకు ఆనించుకుని, ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగాడు, ఎప్పుడూ దిగనివాడిలా. బల్ల దగ్గర ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడ్డాడు. నతాలియా కుర్చీ జరిపింది.

కాబట్టి, నతాలియాకు ఇంటి సొమ్ములో సగం. దానితో పాటు నా చెవిపోగులు, మా అమ్మ ఊలు శాలువా, కింది వంటగదిలోని రాగిపాత్రలు, ఉప్పుచేప నానేసే పెద్ద గంగాళం. కింది బల్ల మాత్రం ఇవ్వను. ఎర్మీనియో దాన్ని కిందే తయారుచేశాడు, అది మెట్ల మలుపులో పట్టదని చేశాక తెలిసింది. దాన్ని ఇల్లు కొన్నవాళ్ళకు వదిలేయాలి. బల్ల కోసమని నతాలియా ఒక్క రోజు కూడా ఆగకూడదు.

9. వీలునామా మనిషి పోయాకే పనిచేస్తుందని అమిల్కార్ చెప్పాడు. మా అమ్మ తొంభై ఆరేళ్ళు బతికింది. అందుకని నేను పోయేదాకా ఎవరూ ఆగక్కర్లేదు. నవంబరు ఒకటిన, సకల పునీతుల పండగనాడు, జిల్బెర్తో కారు తీసుకుని వస్తాడు, నేను మిసిసాగాలో వాళ్ళింటికి వెళ్తున్నాను. ఇల్లు వసంతంలో అమ్మకానికి పెడతారు. పైన మూడో షరతులో చెప్పిన నిషేధాలు అప్పటి నుంచే వర్తిస్తాయి. హెదర్ వంట గురించి నేను ఏమైనా అంటే, అది ఈ వీలునామాకు సంబంధించిన విషయం కాదు.

10. సాక్షులు. దీనికి ఇద్దరు కావాలట. వీలునామాలో ఏదైనా పొందేవాళ్ళు గాని, వాళ్ళ భార్య గాని భర్త గాని సాక్షి సంతకం పెడితే ఆ పొందేది కాస్తా చెల్లదని అమిల్కార్ చెప్పాడు. ఆ లెక్కన పిల్లలు, హెదర్ పనికిరారు. లాన్ గారు తయారై వచ్చారు గాని, విగ్రహం ఆమెకు రాసినందువల్ల ఆమె కూడా పనికిరారు.

ఈరోజు నన్ను అమిల్కార్ ఆఫీసుకు రొట్టెల వ్యానులో తీసుకొచ్చింది ఒస్వాల్దో. బయట కూర్చున్నాడు. ఈ వీలునామాలో అతనికి ఏమీ రాయలేదు, ఈ తేదీ నాటికి అతను ఎవరి భర్తా కాదు. చట్టం ప్రకారం అతను నిక్షేపంగా సాక్షి సంతకం పెట్టవచ్చని అమిల్కార్ అన్నాడు, లోపలికి పిలిచాడు కూడా. ఒస్వాల్దో టోపీ తీసి చేత్తో పట్టుకుని, బల్ల మీది పెన్ను అందుకోబోయాడు.

అతని చేత సంతకం పెట్టించడానికి నేను ఒప్పుకోలేదు. మావాళ్ళు సాక్షి సంతకాలు పెట్టకూడదని చెప్పి, వేరేవాళ్ళని పిలిపించమన్నాను.

తేదీ: 2018 అక్టోబరు 19, శుక్రవారం, టొరంటో.

సంతకం: జుల్మీరా మెదైరోస్

సాక్షులు:
1. లిడూయీనా కబ్రాల్, లాయరు గారి గుమాస్తా
2. థామస్ ఓకఫర్, కింది అంతస్తులో క్షౌరశాల యజమాని